క్లయింట్ ఇంకా అవతల ఉన్నదో లేదో సర్వర్ తెలుసుకొనే పద్ధతి

సర్వర్‌కు ఒక క్లయింట్ కనెక్ట్ అయిన తరువాత ఆ కనెక్షన్ రెండు రకాలుగా ముగుస్తుంది. మొదటి రకంలో అవతలివైపు నుంచి ముగింపు కబురు వస్తుంది. రెండవ రకంలో ఏ కబురూ రాకుండానే అవతలివైపు మాయమవుతుంది. మొదటి రకానికి ప్రత్యేకమైన ఏర్పాటు అక్కరలేదు. క్లయింట్ ప్రోగ్రామ్ సక్రమంగా మూతపడినా, మధ్యలో కుప్పకూలినా, ఆ యంత్రంలోని కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) పనిచేస్తున్నంతవరకు అది ఫిన్ (సక్రమంగా ముగించే) ప్యాకెట్టో ఆర్‌ఎస్‌టీ (అర్ధాంతరంగా తెంచే) ప్యాకెట్టో పంపుతుంది, సర్వర్‌లోని రీడ్ కాల్ సున్నా బైట్లతో గానీ ఎర్రర్‌తో గానీ తిరిగి వస్తుంది. చిక్కంతా రెండవ రకంతోనే. కరెంటు పోయిన కంప్యూటర్, సిగ్నల్ అందని చోటికి వెళ్లిన ఫోన్, మూత వేసిన ల్యాప్‌టాప్, తన పట్టికలో నుంచి కనెక్షన్‌ను చెరిపేసిన రూటర్, ఇవేవీ సర్వర్‌కు చెప్పి వెళ్లవు. పంపవలసిన డేటా లేనప్పుడు, ఈ కనెక్షన్లను నడిపే ప్రోటోకాల్ అయిన టీసీపీలో ఒక్క ప్యాకెట్ కూడా కదలదు కాబట్టి, అటువంటి కనెక్షన్ సర్వర్ లెక్కలో రోజుల తరబడి తెరిచే ఉండిపోగలదు.

ఈ పని మొదలుపెట్టే ముందు ఒక విషయాన్ని మనసులో గట్టిగా నిలుపుకోవాలి. క్లయింట్ బతికి ఉన్నదా అన్న ప్రశ్నకు సర్వర్ దగ్గర ఎప్పటికీ జవాబు ఉండదు. దాని దగ్గర ఉండేది ఆ క్లయింట్ నుంచి చివరిసారి ఎప్పుడు విన్నాము అన్న సమాచారం మాత్రమే. ఆలస్యమవుతున్న క్లయింట్‌ను, చనిపోయిన క్లయింట్‌ను నెట్‌వర్క్ ఇవతలి నుంచి చూసి వేరు చేయడం సాధ్యం కాదు. కాబట్టి మీరు నిర్మించేది ఎంత నిశ్శబ్దాన్ని సహించాలో, ఆ తరువాత ఏమి చేయాలో తేల్చే ఒక నిర్ణయ విధానం. ఆ నిర్ణయం అప్పుడప్పుడు తప్పుతుంది. తప్పినప్పుడు నష్టం స్వల్పంగా ఉండేలా మిగతా భాగాలను కట్టుకోవాలన్నదే ఈ వ్యాసంలోని ప్రతి అడుగు వెనుక ఉన్న ఆలోచన.

ముందుగా: దేనిని గమనిస్తున్నారు?

కోడ్ రాయడానికి ముందు మూడు వేర్వేరు ప్రశ్నలను విడదీయండి. నెట్‌వర్క్ దారి తెరిచి ఉన్నదా అన్నది ఒకటి, అవతలి ప్రోగ్రామ్ పనిచేస్తున్నదా అన్నది రెండవది, ఆ ప్రోగ్రామ్ ముందు మనిషి ఉన్నాడా అన్నది మూడవది. ఈ మూడింటికీ ఒకే ఫీల్డ్‌ను వాడిన చోట తప్పులు తప్పకుండా పుడతాయి. వీటిలో భద్రతకు సంబంధించిన తప్పు అన్నింటికన్నా ముఖ్యమైనది. వినియోగదారు పదిహేను నిమిషాలు ఏ పనీ చేయకపోతే లాగౌట్ చేయాలన్న నియమం మీ వ్యవస్థలో ఉండి, ప్రోగ్రామ్ తనంతట తాను పంపే హార్ట్‌బీట్ (నేనున్నానని చెప్పే చిన్న సందేశం) కూడా ఆ గడియారాన్ని మొదటికి తిప్పుతూ ఉంటే, ఆ లాగౌట్ ఎప్పటికీ జరగదు. అందుచేత ప్రతి కనెక్షన్‌కూ రెండు సమయాలను విడివిడిగా ఉంచండి. ఏ బైటు వచ్చినా మారేది "చివరిగా విన్న సమయం". మనిషి చేసిన పనికి మాత్రమే మారేది "చివరిగా పని చేసిన సమయం". ఇక్కడి నుంచి ప్రధానంగా మొదటిదాని గురించే మాట్లాడుకుందాం.

చివరిగా విన్న సమయాన్ని నమోదు చేయడం

సాకెట్ (ప్రోగ్రామ్ చేతిలో ఉండే కనెక్షన్ కొస) నుంచి చదివే చోటనే, సందేశాన్ని విప్పి అర్థం చేసుకోవడానికి ముందే, ఆ సమయాన్ని రాసుకోండి. హార్ట్‌బీట్‌కు జవాబు వచ్చినప్పుడు మాత్రమే రాసే సర్వర్లు కొన్ని ఉంటాయి. అది సరైన పద్ధతి కాదు. క్లయింట్ ఒక పెద్ద ఫైలును నెమ్మదిగా పంపుతున్నప్పుడు దాని హార్ట్‌బీట్ జవాబు ఆ ఫైలు వెనుక వరుసలో నిలిచి ఉంటుంది. బైట్లు ఎడతెగకుండా వస్తుండగానే జవాబు రాలేదని కనెక్షన్‌ను తెంచితే, చక్కగా పనిచేస్తున్న క్లయింట్‌ను శిక్షించినట్లవుతుంది.

ఆ సమయాన్ని గోడ గడియారం (యంత్రం చూపే తేదీ, సమయం) నుంచి తీసుకోకండి. ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా గడియారాన్ని సరిదిద్దే పద్ధతి) సర్దుబాటు వల్ల గానీ, నిర్వాహకుడు తేదీ మార్చడం వల్ల గానీ యంత్రపు గడియారం ఒక్కసారిగా ముందుకు దూకితే క్లయింట్లన్నీ ఒకేసారి చనిపోయినట్లు కనిపిస్తాయి. వెనక్కి జరిగితే నిజంగా పోయినవి కూడా బతికే ఉన్నట్లు కనిపిస్తాయి. లినక్స్‌లో క్లాక్ మోనోటానిక్ అనే గడియారం ఉంది; ఎప్పుడూ వెనక్కి నడవని ఇటువంటి గడియారాన్ని దాదాపు ప్రతి భాషా తన ప్రామాణిక లైబ్రరీలో అందిస్తుంది. కాలవ్యవధులను కొలవడానికి దానినే వాడండి.

టీసీపీ కీప్‌అలైవ్: అవసరమే, చాలదు

తరువాతి అడుగుగా ప్రతి సాకెట్‌కూ ఎస్‌ఓ కీప్‌అలైవ్ అనే ఆప్షన్‌ను ఆన్ చేయండి. కనెక్షన్ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు కెర్నల్ తనంతట తాను ఒక ఖాళీ ప్రోబ్ పంపుతుంది. అవతలి కెర్నల్ బతికి ఉంటే దానికి అంగీకారం తిరిగి వస్తుంది. అయితే ఆన్ చేసినంత మాత్రాన ప్రయోజనం కనిపించదు. 1989లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సీ 1122 ఈ సదుపాయం డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉండాలనీ, ఆన్ చేసినా డిఫాల్ట్ విరామం రెండు గంటలకు తగ్గరాదనీ నిర్దేశించింది. లినక్స్ నేటికీ అదే పాటిస్తున్నది: 7200 సెకండ్ల నిశ్శబ్దం తరువాత మొదటి ప్రోబ్, ఆపైన 75 సెకండ్లకు ఒకటి చొప్పున మొత్తం 9 ప్రోబ్‌లు. అన్నీ విఫలమై కనెక్షన్ తెగేసరికి 7875 సెకండ్లు, అనగా రెండు గంటల పదకొండు నిమిషాల పదిహేను సెకండ్లు గడుస్తాయి. చాట్ సర్వర్‌కు గానీ ఆటల సర్వర్‌కు గానీ ఆ గడువు ఏమాత్రం పనికిరాదు. కాబట్టి కీప్‌ఐడిల్, కీప్‌ఇంటర్వల్, కీప్‌కౌంట్ అనే మూడు ఆప్షన్లను సాకెట్ స్థాయిలోనే మీ అవసరానికి తగినట్లు తగ్గించండి. యంత్రం మొత్తానికి వర్తించే సెట్టింగును మారిస్తే అదే యంత్రంలో ఈ ఆప్షన్‌ను వాడే ఇతర ప్రోగ్రామ్‌ల మీద కూడా ఆ ప్రభావం పడుతుంది.

ఇక్కడ చాలామంది గమనించని సూక్ష్మం ఒకటి ఉంది. పంపిన డేటాకు ఇంకా అంగీకారం రాని స్థితిలో కీప్‌అలైవ్ ప్రోబ్‌లు బయలుదేరవు. అప్పుడు రాజ్యం రీట్రాన్స్‌మిషన్ టైమర్‌ది. క్లయింట్ మాయమైన మరుక్షణం సర్వర్ ఒక సందేశం పంపిందంటే, మీరు 30 సెకండ్లకు తగ్గించిన కీప్‌అలైవ్ పక్కన నిలబడిపోతుంది, కెర్నల్ అదే డేటాను మళ్లీమళ్లీ పంపుతూ ఉంటుంది. లినక్స్‌లో టీసీపీ రిట్రైస్2 అనే సెట్టింగు డిఫాల్ట్ విలువ 15; దాని ప్రకారం ఆశ వదులుకోవడానికి కనీసం 924.6 సెకండ్లు, అనగా పదిహేను నిమిషాలకు పైగా పడుతుంది. ఈ ఖాళీని పూడ్చడానికి టీసీపీ యూజర్ టైమ్‌అవుట్ అనే సాకెట్ ఆప్షన్ ఉంది. పంపిన డేటా ఎంతకాలం అంగీకారం లేకుండా ఉండవచ్చో దానిలో మిల్లీసెకండ్లలో చెప్పవచ్చు. కీప్‌అలైవ్‌ను తగ్గించిన ప్రతిచోటా దీనిని కూడా పెట్టండి. ఒకటి ఉండి రెండవది లేకపోతే రక్షణ సగమే.

సెండ్ కాల్ విజయవంతంగా తిరిగి రావడాన్ని కూడా ఎప్పుడూ సాక్ష్యంగా తీసుకోకండి. బైట్లు మీ కెర్నల్ బఫర్‌లోకి చేరాయని మాత్రమే దాని అర్థం. అవి యంత్రం దాటి బయటకు వెళ్లాయన్న హామీ కూడా అందులో లేదు.

ఇంత చేసినా కీప్‌అలైవ్ జవాబు చెప్పేది మన మొదటి ప్రశ్నకు మాత్రమే. ప్రోబ్‌కు బదులిచ్చేది అవతలి కెర్నల్; పైనున్న ప్రోగ్రామ్ డెడ్‌లాక్‌లో చిక్కుకొని ఒక్క సందేశాన్నీ చదవలేని స్థితిలో ఉన్నా కెర్నల్ అంగీకారం పంపుతూనే ఉంటుంది. మధ్యలో ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) గానీ, కనెక్షన్‌ను తానే ముగించి కొత్తది తెరిచే రకం లోడ్ బ్యాలెన్సర్ (కనెక్షన్లను అనేక సర్వర్లకు పంచేది) గానీ ఉంటే, మీ ప్రోబ్ దాని వరకే వెళుతుంది, అసలు క్లయింట్‌ను తాకనే తాకదు. అందుకే అప్లికేషన్ స్థాయిలో మరొక పలకరింపు తప్పనిసరి.

అప్లికేషన్ హార్ట్‌బీట్

మీరు వాడుతున్న ప్రోటోకాల్‌లో ఈ ఏర్పాటు ఇప్పటికే ఉన్నదేమో మొదట చూడండి. చాలా సందర్భాల్లో ఉంటుంది, దానిని వదిలి సొంతంగా మరొకటి తయారుచేయడంలో అర్థం లేదు. బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య తెరిచి ఉంచే కనెక్షన్‌కు వాడే వెబ్‌సాకెట్ ప్రమాణమైన ఆర్‌ఎఫ్‌సీ 6455లో పింగ్ (పలకరింపు), పాంగ్ (జవాబు) అనే కంట్రోల్ ఫ్రేములు ఉన్నాయి, వాటిలో 125 బైట్ల వరకు డేటా పెట్టవచ్చు. హెచ్‌టీటీపీ 2లో ఎనిమిది బైట్ల పింగ్ ఫ్రేము ఉంది. దూరపు యంత్రంలోకి లాగిన్ అవడానికి వాడే ఓపెన్ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌లో క్లయింట్ అలైవ్ ఇంటర్వల్ అనే సెట్టింగు డిఫాల్ట్‌గా సున్నా, అనగా ఆఫ్. దానిని 15 చేసి, జవాబు రాని పలకరింపుల పరిమితిని డిఫాల్ట్ విలువ 3 దగ్గరే ఉంచితే, స్పందించని క్లయింట్ సుమారు 45 సెకండ్లకు తెగిపోతుంది. పరికరాల మధ్య సందేశాలకు వాడే ఎమ్‌క్యూటీటీ ప్రోటోకాల్ పద్ధతి వీటన్నింటిలోనూ ముచ్చటైనదని నా అభిప్రాయం. అక్కడ క్లయింటే కనెక్ట్ అయ్యేటప్పుడు తన కీప్ అలైవ్ వ్యవధిని సెకండ్లలో ప్రకటిస్తుంది. దానికి ఒకటిన్నర రెట్ల కాలం గడిచినా ఏమీ వినపడకపోతే సర్వర్ కనెక్షన్‌ను మూసివేయాలి. క్లయింట్ ముందుగా అప్పగించిన వీలునామా సందేశం (తాను మాయమైతే ప్రకటించవలసినది) ఉంటే దానిని ఇతరులకు ప్రచురించాలి. నిశ్శబ్దానికి అర్థం ఏమిటో రెండు పక్షాలూ మొదటి పరిచయంలోనే ఒప్పందానికి రావడం ఇందులోని మేలు. మీరు సొంత ప్రోటోకాల్ రాస్తున్నట్లయితే ఇదే నమూనాను అనుసరించండి: వ్యవధిని కోడ్‌లో రెండుచోట్ల విడివిడిగా రాయకుండా, కనెక్షన్ మొదలయ్యేటప్పుడు సర్వర్ గానీ క్లయింట్ గానీ రెండవవారికి తెలియజేయాలి.

పలకరింపు ఎవరు మొదలుపెట్టాలన్నది తరువాతి నిర్ణయం. క్లయింట్ బ్రౌజర్ అయితే సర్వరే మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే వెనుకకు వెళ్లిన ట్యాబ్‌లలో టైమర్లను బ్రౌజర్లు నెమ్మదింపజేస్తాయి, కొన్ని పరిస్థితుల్లో నిమిషానికి ఒక్కసారి మాత్రమే నడవనిస్తాయి. సాకెట్ ఐఓ లైబ్రరీలో మొదట క్లయింటే పింగ్ పంపేది. బ్రౌజర్ టైమర్లను నమ్మలేమన్న కారణంతోనే మూడవ వెర్షన్ నుంచి ఆ బాధ్యతను సర్వర్‌కు మార్చారు. బ్రౌజర్ల విషయంలో గుర్తుంచుకోవలసింది మరొకటి ఉంది. వెబ్‌సాకెట్ పింగ్‌కు పాంగ్‌ను బ్రౌజరే పంపుతుంది, పేజీలోని జావాస్క్రిప్ట్‌కు ఆ సంగతి తెలియదు, తానుగా పింగ్ పంపే మార్గమూ దానికి లేదు. అంటే పాంగ్ వచ్చినంత మాత్రాన పేజీ కోడ్ నడుస్తున్నదని చెప్పలేము. సర్వర్ మాయమైతే ఆ సంగతి పేజీకి పాంగ్ ద్వారా తెలియదు. ఈ రెండూ మీకు ముఖ్యమైతే మామూలు సందేశాల రూపంలోనే చిన్న పలకరింపును, జవాబును ఏర్పాటు చేసుకోండి. క్లయింట్ వైపు కోడ్‌లో కూడా "సర్వర్ నుంచి ఇంతకాలం ఏమీ రాకపోతే తెంచి మళ్లీ కనెక్ట్ అవ్వాలి" అన్న నియమం ఉండాలి. కనెక్షన్ తెగిన సంగతి సర్వర్‌కు తెలిసి క్లయింట్‌కు తెలియని స్థితి, మనం మొదట చెప్పుకున్న సమస్య అంత హానికరమైనదే.

పింగ్‌లో ఒక వరుస సంఖ్యను పెట్టి, పాంగ్‌లో అదే సంఖ్య తిరిగి వచ్చిందో లేదో చూస్తే, పాత పింగ్‌కు ఆలస్యంగా వచ్చిన జవాబును కొత్తదానికి వచ్చినట్లు పొరబడరు. రానుపోను కాలం కూడా ఉచితంగా కొలిచినట్లవుతుంది. హార్ట్‌బీట్ ఎంత చిన్న సందేశమైనా అది బయటి నుంచి వచ్చే ఇన్‌పుట్టే అని మాత్రం మరవకండి. 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం పుట్టింది సరిగ్గా ఇటువంటి కోడ్‌లోనే: ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ అయిన ఓపెన్ఎస్ఎస్‌ఎల్‌లోని టీఎల్‌ఎస్ హార్ట్‌బీట్ భాగం, అవతలివారు చెప్పిన పొడవును వచ్చిన అసలు డేటాతో సరిచూడకుండా నమ్మి, ఒక్కో అభ్యర్థనకు 64 కిలోబైట్ల వరకు సొంత మెమరీని జవాబులో పెట్టి పంపింది. పొడవును సరిచూడండి, ఎంత తరచుగా పింగ్‌లు పంపవచ్చో పరిమితి పెట్టండి.

యూడీపీ మీద పనిచేసే సర్వర్లకు కనెక్షన్ అన్న భావనే లేదు కాబట్టి, చివరిగా విన్న సమయమే కనెక్షన్‌కు నిర్వచనమవుతుంది. యూడీపీ మీదే కట్టిన క్విక్ ప్రోటోకాల్‌లో రెండు పక్షాలూ తమ తమ ఐడిల్ గడువును (ఎంత నిశ్శబ్దం తరువాత మూసివేయాలో) ప్రకటిస్తాయి, వాటిలో చిన్నదే అమలవుతుంది.

విరామం ఎంత, గడువు ఎంత?

ఇది ఊహతో తేల్చవలసిన విషయం కాదు, లెక్క వేసి తేల్చవలసినది. రెండు సంఖ్యలు కావాలి: ఎంత కాలానికొకసారి పలకరించాలన్న విరామం, ఎంత నిశ్శబ్దం తరువాత తెంచాలన్న గడువు.

విరామానికి పైహద్దును నిర్ణయించేది మధ్యలోని పరికరాలు. మీ సర్వర్‌కూ క్లయింట్‌కూ నడుమ ఉన్న ప్రాక్సీలు, లోడ్ బ్యాలెన్సర్లు, ఫైర్‌వాల్‌లు, చిరునామాలను మార్చే రూటర్లు, వీటిలో ప్రతిదానికీ సొంత ఐడిల్ గడువు ఉంటుంది. ఎన్‌జినెక్స్ అనే వెబ్ సర్వర్‌లో ప్రాక్సీ రీడ్ టైమ్‌అవుట్ డిఫాల్ట్‌గా 60 సెకండ్లు. అమెజాన్ అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ డిఫాల్ట్ కూడా 60 సెకండ్లే, నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్‌లో టీసీపీకి డిఫాల్ట్ 350. చిరునామాలను మార్చే పరికరాలు స్థిరపడిన టీసీపీ కనెక్షన్‌ను రెండు గంటల నాలుగు నిమిషాలకు ముందు మరచిపోరాదని ఆర్‌ఎఫ్‌సీ 5382 చెబుతుంది గానీ, అన్ని పరికరాలూ ఆ మాట వినవు. యూడీపీకి పరిస్థితి ఇంకా బిగువు: చాలా పరికరాలు స్థితిని మరవకుండా ఉండాలంటే 30 సెకండ్లకొక ప్యాకెట్ అవసరమని అనుభవం చెబుతున్నట్లు క్విక్ ప్రమాణమే పేర్కొంటుంది. మీ దారిలోని పరికరాల గడువులన్నీ రాసుకొని, వాటిలో అతి చిన్నదానిలో సగం కన్నా తక్కువ విరామాన్ని ఎంచుకోండి. 60 సెకండ్ల ప్రాక్సీ ఉన్నచోట 25 సెకండ్లు సరిపోతుంది.

ఇప్పుడు గడువు. విరామం 25, గడువు 60 అనుకుందాం. చివరి జవాబు ఇచ్చిన మరుక్షణం క్లయింట్ మాయమైతే సర్వర్‌కు తెలియడానికి 60 సెకండ్లు పడుతుంది. తరువాతి పింగ్‌కు కాస్త ముందు మాయమైతే 35 సెకండ్లు పడుతుంది. కాబట్టి మీ సేవ వాగ్దానం చేయగలిగింది "35 నుంచి 60 సెకండ్లలో, సగటున 47 సెకండ్లకు కాస్త పైన" అని. ఆ ఆలస్యం మీ పనికి ఎక్కువైతే రెండు సంఖ్యలనూ కలిపి తగ్గించాలి. విరామాన్ని అలాగే ఉంచి గడువును మాత్రమే 30కి దించితే, ఒక్క పింగ్ ఐదు సెకండ్లు ఆలస్యమైనా మంచి కనెక్షన్ తెగిపోతుంది.

గడువును మరీ బిగించరాదనడానికి టీసీపీలోనే బలమైన కారణం ఉంది. వరుసగా రెండు పింగులు పోయే అవకాశం తక్కువ కదా అని సంభావ్యత లెక్క వేయడం ఇక్కడ చెల్లదు, ఎందుకంటే టీసీపీలో ఒక ప్యాకెట్ పోతే దాని వెనుకవన్నీ ఆగుతాయి. కెర్నల్ మళ్లీ పంపే ప్రయత్నాల మధ్య కాలం ప్రతిసారీ రెట్టింపవుతుంది. మొదటి వ్యవధి 200 మిల్లీసెకండ్లయితే ప్రయత్నాలు సుమారుగా 0.2, 0.6, 1.4, 3, 6.2, 12.6, 25.4 సెకండ్ల వద్ద జరుగుతాయి. సొరంగంలోకి వెళ్లిన ఫోన్‌కు 13 సెకండ్లు సిగ్నల్ లేకపోతే, సిగ్నల్ తిరిగి వచ్చిన తరువాత కూడా తరువాతి ప్రయత్నం 25వ సెకండు దాటాకే జరుగుతుంది. అంటే నెట్‌వర్క్ అంతరాయం ఎంత ఉంటుందని మీరు అనుకుంటున్నారో, దాదాపు దానికి రెట్టింపు నిశ్శబ్దాన్ని సర్వర్ సహించగలగాలి. సంచారంలో ఉండే ఫోన్ క్లయింట్లకు నేను 60 సెకండ్లకు తక్కువ గడువును సిఫారసు చేయను. ఒకే డేటా సెంటర్‌లోని యంత్రాల మధ్య పది సెకండ్లు కూడా ఎక్కువే కావచ్చు.

పలకరింపుకు ఖర్చు కూడా ఉంది. లక్ష కనెక్షన్లు, 25 సెకండ్ల విరామం అంటే సెకండుకు 4000 పింగులు, అన్నే పాంగులు. సర్వర్‌కు ఇది మోయలేని భారం కాదు గానీ, ఫోన్‌లో ప్రతి పలకరింపూ రేడియోను నిద్ర లేపుతుంది, అది మళ్లీ నిద్రపోవడానికి కొన్ని సెకండ్లు పడుతుంది, ఆ మేరకు బ్యాటరీ కరుగుతుంది. అందుకని ఈమధ్యే డేటా వచ్చిన కనెక్షన్‌ను మళ్లీ పలకరించకండి. నిశ్శబ్దం విరామాన్ని దాటినప్పుడే పింగ్ పంపండి.

గడువు దాటినవారిని వెతకడం

ప్రతి కనెక్షన్‌కూ ఒక టైమర్ పెట్టి, ప్రతి సందేశం రాగానే దానిని రద్దుచేసి కొత్తది పెట్టడం వెంటనే తోచే మార్గం. సందేశాలు ఎక్కువైనప్పుడు ఆ రద్దులే పెద్ద పనిగా మారతాయి. దానికన్నా తేలికైన పద్ధతి ఇది: సందేశం వచ్చినప్పుడు చివరిగా విన్న సమయాన్ని మాత్రమే మార్చండి, టైమర్ జోలికి వెళ్లకండి. టైమర్ మోగినప్పుడు ఆ సమయాన్ని చూడండి. నిశ్శబ్దం గడువు దాటకపోతే మిగిలిన కాలానికి టైమర్‌ను మళ్లీ పెట్టండి, దాటితే తెంచండి. కొన్ని వేల కనెక్షన్ల వరకు, సెకండుకొకసారి మొత్తం జాబితాను తిరగేసినా నష్టం లేదు. లక్షల్లో ఉంటే టైమింగ్ వీల్ అనే నిర్మాణం వాడండి. వార్గీస్, లాక్ అనే పరిశోధకులు 1987లో వివరించిన ఈ పద్ధతిలో కాలాన్ని గదులుగా విభజించి, ప్రతి కనెక్షన్‌ను అది గడువు దాటబోయే గదిలో ఉంచుతారు, ప్రతి టిక్‌కూ ఒక్క గదినే తెరుస్తారు. జావాలో నెట్టీ లైబ్రరీ దీనిని సిద్ధంగా అందిస్తుంది.

ఈ వెతుకులాటలో ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. సర్వర్ ప్రోగ్రామే గార్బేజ్ కలెక్షన్ (వాడని మెమరీని ఏరివేయడం) వల్లనో, వర్చువల్ యంత్రాన్ని మరొకచోటికి తరలించడం వల్లనో కొంతసేపు ఆగిపోయిందనుకోండి. ఆ సమయంలో క్లయింట్లు పంపిన జవాబులు కెర్నల్ బఫర్లలో చేరి ఎదురుచూస్తూ ఉంటాయి. ప్రోగ్రామ్ మేలుకోగానే గడువుల తనిఖీ ముందు నడిస్తే, అందరూ గడువు దాటినట్లే కనిపిస్తారు, బతికి ఉన్న వేలమందిని ఒక్క వేటుతో తెంచుతారు. ఇది జరగకుండా రెండు జాగ్రత్తలు తీసుకోండి. ఈవెంట్ లూప్‌లో (వచ్చిన పనులను ఒక్కొక్కటిగా చేసే చక్రంలో) ఎప్పుడూ ముందు చదవడం, తరువాతే తనిఖీ జరగాలి. తనిఖీ తాను నడవవలసిన సమయం కన్నా బాగా ఆలస్యంగా నడిచినట్లు గమనిస్తే, ఆ విడతలో ఎవరినీ తెంచకుండా అందరికీ కొత్తగా ఒక పింగ్ పంపి, ఒక విరామం పాటు వేచి ఉండాలి. ఇతరుల నిశ్శబ్దాన్ని కొలిచే ముందు తాను నిద్రపోలేదని సర్వర్ నిర్ధారించుకోవాలి.

పోయినవారిని తొలగించడం

గడువు దాటిందని తేలాక సాకెట్‌ను మూయడం, జాబితాలోంచి పేరు తీయడం, లాక్‌లను, చాట్ గదులను, తాత్కాలిక ఫైళ్లను విడుదల చేయడం, ఇతరులకు తెలియజేయడం, ఇవన్నీ ఒకే ఫంక్షన్ ద్వారా జరగాలి. ఆ ఫంక్షన్ ఒకే కనెక్షన్ కోసం రెండుసార్లు పిలువబడినా హాని కలగకూడదు, ఎందుకంటే తనిఖీ తెంచుతున్న క్షణంలోనే రీడ్ ఎర్రర్ కూడా వచ్చి దానిని మరొకసారి పిలవవచ్చు.

అసలైన చిక్కు తిరిగి వచ్చే క్లయింట్‌తో వస్తుంది. ఫోన్ వైఫై నుంచి మొబైల్ నెట్‌వర్క్‌కు మారి వెంటనే కొత్త కనెక్షన్ తెరిచింది. పాత కనెక్షన్ పోయిందని సర్వర్‌కు ఇంకా తెలియదు. నలభై సెకండ్ల తరువాత పాతదాని గడువు ముగిసి, దాని శుభ్రత ఫంక్షన్ "ఈ వినియోగదారు వెళ్లిపోయాడు" అని రాసేస్తుంది. ఎదురుగా కూర్చొని మాట్లాడుతున్న మనిషి అందరికీ ఆఫ్‌లైన్‌గా కనిపిస్తాడు. దీనికి మందు ఒక్కటే: వినియోగదారు గుర్తింపుతో పాటు ప్రతి కనెక్షన్‌కూ ప్రత్యేకమైన సంఖ్య ఇవ్వండి, జాబితాలో ఉన్న సంఖ్య తన సంఖ్యే అయితేనే తొలగింపు జరగాలని నియమం పెట్టండి. ఒకే క్లయింట్‌కు ఒకే కనెక్షన్ అన్న సేవల్లో, కొత్తది వచ్చిన క్షణంలోనే పాతదానిని తెంచివేయడం ఇంకా శుభ్రమైన పద్ధతి. ఎమ్‌క్యూటీటీ సర్వర్లు ఒకే క్లయింట్ గుర్తింపుతో రెండవ కనెక్షన్ వచ్చినప్పుడు ఇదే చేయాలని ఆ ప్రమాణం నిర్దేశిస్తుంది.

కనెక్షన్ తెగడానికీ, మనిషి వెళ్లిపోయాడని ప్రకటించడానికీ మధ్య కొంత విరామం ఉంచండి. సాకెట్‌ను వెంటనే మూసివేసినా, సెషన్‌ను మరొక అర నిమిషం నిలిపి ఉంచి, ఆలోగా క్లయింట్ తిరిగి వస్తే ఆగిన చోటి నుంచే కొనసాగనిస్తే, మీ నిర్ణయం తప్పినప్పుడు వినియోగదారుకు అది తెలియను కూడా తెలియదు. క్లయింట్లు తిరిగి కనెక్ట్ అయ్యే సమయాలలో యాదృచ్ఛికమైన తేడా ఉండేలా చూడండి. లేకపోతే సర్వర్ పునఃప్రారంభమైన క్షణంలో అందరూ ఒక్కసారే తలుపు తడతారు, ఆ తరువాత వారి హార్ట్‌బీట్‌లు కూడా ఒకే క్షణంలో వస్తూ ఉంటాయి.

సర్వర్లు అనేకం ఉన్నప్పుడు

ఎవరు ఏ సర్వర్‌కు కనెక్ట్ అయి ఉన్నారన్న సమాచారాన్ని రెడిస్ వంటి ఉమ్మడి నిల్వలో ఉంచేటప్పుడు, ప్రతి నమోదుకూ కాలపరిమితి పెట్టాలి. తొలగించవలసిన సర్వరే కూలిపోతే తొలగించేవారు ఉండరు కదా. అయితే లక్ష కనెక్షన్ల నమోదులను ప్రతి విరామానికీ పునరుద్ధరిస్తూ పోతే ఆ నిల్వ మీద అనవసరమైన ఒత్తిడి పడుతుంది. దానికి బదులు ప్రతి సర్వర్‌కూ కాలపరిమితి గల ఒకే నమోదు ఉంచి, సర్వర్ దానిని మాత్రమే పునరుద్ధరిస్తూ ఉండాలి. కనెక్షన్ల నమోదులు ఆ సర్వర్ పేరును సూచిస్తే చాలు. సర్వర్ నమోదు గడువు తీరితే దానిని సూచించే కనెక్షన్లన్నీ చెల్లనివిగా లెక్కించండి. సర్వర్ మళ్లీ లేచినప్పుడు కొత్త పేరుతో లేవాలి, లేకపోతే పాత నమోదులు ప్రాణం పోసుకుంటాయి.

పరీక్షించడం, గమనించడం

క్లయింట్ ప్రోగ్రామ్‌ను కిల్ ఆదేశంతో చంపి, సర్వర్ వెంటనే గుర్తించింది కాబట్టి అంతా బాగుందనుకోవడం ఈ పనిలో తరచుగా కనిపించే పొరపాటు. అప్పుడు కెర్నల్ ముగింపు ప్యాకెట్ పంపుతుంది కాబట్టి మీరు పరీక్షించింది తేలికైన దారినే. నిశ్శబ్దాన్ని పరీక్షించాలంటే లినక్స్ ఫైర్‌వాల్ అయిన ఐపీటేబుల్స్‌తో ఆ పోర్టుకు వచ్చే, పోయే ప్యాకెట్లను డ్రాప్ చేయండి; రిజెక్ట్ అని పెడితే మళ్లీ కబురు అందినట్లే అవుతుంది. ఇదే పరీక్షను సర్వర్ ఏమీ పంపని స్థితిలో ఒకసారి, డ్రాప్ చేసిన వెంటనే సర్వర్ ఒక సందేశం పంపేలా చేసి మరొకసారి జరపండి. యూజర్ టైమ్‌అవుట్ సరిగా పెట్టారో లేదో రెండవసారే బయటపడుతుంది. ప్రోగ్రామ్ స్తంభించిన స్థితిని పరీక్షించడానికి క్లయింట్‌కు, దానిని నిలిపివేసే సిగ్‌స్టాప్ సంకేతం పంపండి: కెర్నల్ బదులిస్తూనే ఉంటుంది, అప్లికేషన్ హార్ట్‌బీట్ మాత్రమే దీనిని పట్టుకోగలగాలి. ఆ తరువాత సర్వర్ ప్రోగ్రామ్‌కే అదే సంకేతం పంపి, గడువును మించిన కాలం ఆపి, సిగ్‌కంట్‌తో మేల్కొలపండి. సర్వర్ ఒక్క క్లయింట్‌ను కూడా తెంచకూడదు. ఏ సాకెట్‌కు ఏ టైమర్ నడుస్తున్నదో ఎస్‌ఎస్ ఆదేశానికి మైనస్ ఓ ఆప్షన్ ఇచ్చి చూడవచ్చు.

నడుస్తున్న వ్యవస్థలో ప్రతి ముగింపునూ కారణంతో సహా లెక్కించండి: సక్రమమైన మూసివేత, ఆర్‌ఎస్‌టీ, హార్ట్‌బీట్ గడువు, పంపవలసిన డేటా పేరుకుపోవడం, కొత్త కనెక్షన్ వచ్చి పాతది తెగడం. వీటితో పాటు, హార్ట్‌బీట్ గడువు వల్ల తెగిన కనెక్షన్లలో ఎన్నింటి క్లయింట్లు ఐదు పది సెకండ్లలోపే తిరిగి వచ్చాయో విడిగా చూడండి. తెగిన వెంటనే తిరిగి వస్తున్నవారు ఎక్కువగా ఉంటే వారు నిజానికి పోలేదు, మీ గడువు వారి నెట్‌వర్క్‌కు బిగువైంది, దానిని పెంచండి. పాత కనెక్షన్ గడువు తీరకముందే కొత్తది తెరుస్తున్నవారు ఎక్కువగా ఉంటే వారు ముందే వెళ్లిపోయారు, మీకు ఆలస్యంగా తెలుస్తున్నది. విరామాన్ని, గడువును కలిపి తగ్గించి చూడండి. ముగింపులన్నీ ఒకే అంకె దగ్గర, ఉదాహరణకు కచ్చితంగా 60 లేదా 350 సెకండ్ల నిశ్శబ్దం దగ్గర గుమిగూడి ఉంటే, తెంచుతున్నది మీ కోడ్ కాదు, దారిలోని ఏదో ఒక పరికరం. దాని గడువును కనుక్కొని, మీ విరామాన్ని అందులో సగం కన్నా తక్కువకు తగ్గించండి.